డిసెంబర్లో నెదర్లాండ్స్ వెళ్లిపోతున్నా, అక్కడ కూడా పోర్ట్రెయిట్లు వేసి బతకొచ్చా? లెబ్రన్ గురించి చదివినవాళ్లు చెప్పండి

రంగులపెట్టె అడిగింది:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

నేను మాసబ్‌ట్యాంక్ ఫైనార్ట్స్ కాలేజీలో పెయింటింగ్ చేశాను, బయటికొచ్చి ఎనిమిదేళ్లయింది, అప్పట్నుంచీ పోర్ట్రెయిట్లే వేస్తున్నా. నాకొచ్చేవి ఎక్కువగా పోయినవాళ్ల బొమ్మలు. సంవత్సరీకం నాటికి నాన్నగారి బొమ్మ కావాలని ఒక పాత ఫోటో వాట్సాప్‌లో పంపిస్తారు, దాంట్లో సగం మొహం మీద ఆఫీసు స్టాంపు ఉంటుంది, దాంట్లోంచి ఒక మనిషిని బయటికి తీయాలి. తీసి ఇచ్చాక వాళ్లమ్మగారు ఆ బొమ్మ ముందు నిలబడి ఏం మాట్లాడకుండా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు చూడండి, ఆ పని వదిలేసి నేను ఇంకో పని చేయగలనని అనుకోను.

ఇప్పుడు మా ఆయనకి ఐందోవెన్‌లో జాబ్ వచ్చింది. డిసెంబర్లో ప్రయాణం. మా అత్తయ్యగారు "పోన్లేమ్మా, అక్కడ బోలెడంత టైం ఉంటుంది, హాబీగా వేసుకోవచ్చు" అన్నారు. ప్రేమగానే అన్నారు, కానీ ఆ హాబీ అన్న మాట దగ్గర నాకు గొంతు పట్టేసింది. నెలకి రెండు మూడు బొమ్మలు, ఏడాదికి మా ఇంటి అద్దె మొత్తం నా బ్రష్షే కట్టింది మరి.

ఇక్కడ నాకు పని ఎలా వస్తుందంటే ఒకరు చెప్తే ఇంకొకరు, అంతే. సైనిక్‌పురిలో ఒక డాక్టరమ్మ వాళ్లమ్మగారి బొమ్మ వేశాను, ఆ హాల్లో అది చూసి ఆ కాలనీలోనే ఆరు వచ్చాయి. అక్కడ ఆ హాలూ లేదు, ఆ డాక్టరమ్మా లేదు, డచ్చి భాష ఒక్క ముక్క రాదు.

మా కాలేజీ సీనియర్ అక్క ఒకావిడ "నువ్వు ఎలిజబెత్ విజే లెబ్రన్ గురించి చదువు" అంది. నాకు తెలిసిందల్లా ఆవిడ మేరీ ఆంటోనెట్ రాణి బొమ్మలు వేసిందని, ఫ్రెంచ్ విప్లవం అప్పుడు కూతుర్ని తీసుకుని పారిపోయిందని, పన్నెండేళ్లు పరాయి దేశాల్లో పోర్ట్రెయిట్లు వేసుకుని బతికిందని. కొత్త ఊళ్లో దిగగానే మొదటి పని ఎలా దొరికేది ఆవిడకి? ఇల్లూ పిల్లా పనీ ఎలా నెట్టుకొచ్చింది? తెలిసినవాళ్లు ఎవరైనా వివరంగా రాయండి, గూగుల్లో చదివినవన్నీ రాణి చుట్టూనే తిరుగుతున్నాయి.

కోఠి పుస్తకాలు రాశారు:

అమ్మా, నేను ముప్పై ఏళ్లు ఆర్ట్ హిస్టరీ పాఠం చెప్పి రిటైర్ అయినవాణ్ణి. లెబ్రన్ ఆత్మకథ ఇంగ్లీషు అనువాదం ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల దగ్గర దొరికింది నాకు, ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అది 1835 నుంచి 1837 దాకా మూడు సంపుటాలుగా వచ్చింది, అప్పటికి ఆవిడకి ఎనభై దాటాయి. ముసలితనంలో రాసింది కాబట్టి తనకి నచ్చినవి ఎక్కువ చెప్పుకుంది, అది మనసులో పెట్టుకుని చదవాలి.

మీరు రాణి దగ్గర మొదలుపెట్టొద్దు. అంతకుముందు చూడండి. 1755లో పారిస్‌లో పుట్టింది, నాన్న పాస్టెల్ పోర్ట్రెయిట్లు వేసేవాడు, ఈ పిల్లకి పన్నెండేళ్లప్పుడే పోయాడు. పదిహేను పదహారేళ్లకల్లా బొమ్మలు వేసి అమ్మనీ తమ్ముణ్ణీ పోషిస్తోంది. 1774లో అధికారులు వచ్చి స్టూడియో సామాను పట్టుకుపోయారు, ఎందుకంటే లైసెన్స్ లేకుండా వృత్తి చేస్తోందని. అప్పుడు సెయింట్ లూక్ అకాడమీ అనే పెయింటర్ల సంఘంలో చేరింది. ఆ వయసు ఆడపిల్ల దగ్గరికి కొందరు మగవాళ్లు బొమ్మ వంకతో వచ్చి కూర్చుని అదేపనిగా చూస్తుండేవాళ్లట. ఆవిడ ఏం చేసేదంటే, వాళ్ల చూపు ఎటో దూరంగా ఉన్నట్టు వేసేది. కళ్లు కొంచెం ఇటు తిప్పితే చాలు, "ఇప్పుడు కళ్లే వేస్తున్నాను" అనేది. పక్కన అమ్మ కూర్చునేది. ఇది చదివినప్పుడల్లా నా స్టూడెంట్స్‌లో ఆడపిల్లలందరికీ చెప్పాను, ముక్కూ మొహం తెలియని ఇంటికి బొమ్మ వేయడానికి వెళ్లేవాళ్లకి పనికొస్తుందని.

ఇక మీరడిగింది. 1789 అక్టోబర్ 6, జనం వెర్సాయి రాజభవనం నుంచి రాజు కుటుంబాన్ని పారిస్‌కి లాక్కొచ్చిన రోజు. ఆ రాత్రే ఈవిడ తొమ్మిదేళ్ల కూతురు జూలీనీ, పిల్లకి చదువు చెప్పే ఆవిణ్ణీ తీసుకుని మామూలు బాడుగ బండి ఎక్కింది. పనిమనిషిలా బట్టలు వేసుకుంది. ఎదురుగా కూర్చున్నవాడు కంపు కొడుతున్నాడట, పైగా వాచీలు కొట్టేసిన సంగతి గొప్పగా చెప్పుకుంటున్నాడట, పక్కన పిల్ల వణికిపోతోంది. రాణి పెయింటర్ అన్న పేరు ఆ రోజు పొరపాట్న బయటపడితే ప్రాణం మీదికొచ్చేది. మొన్నటిదాకా అన్నం పెట్టిన పేరే అది.

ఇటలీలో దిగింది. టురిన్, పార్మా, బొలోన్యా, ఫ్లోరెన్స్, రోమ్. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ గ్యాలరీకి పెద్ద పెద్ద పెయింటర్ల సెల్ఫ్ పోర్ట్రెయిట్ల సేకరణ ఉంది, అక్కడికి నీదీ ఒకటి ఇవ్వమన్నారు. రోమ్‌లో కూర్చుని 1790లో వేసిచ్చింది. నల్ల సిల్కు గౌను, ఎర్ర నడికట్టు, తలకి తెల్ల గుడ్డ, చేతిలో బ్రష్షులు, మన వైపు తిరిగి చిన్నగా నవ్వుతూ ఉంటుంది. ఎదురుగా ఉన్న కాన్వాసు మీద తను గీస్తున్నది ఎవర్నో తెలుసా, మేరీ ఆంటోనెట్‌నే. రాణి పారిస్‌లో బందీ లాగా ఉన్న రోజుల్లో. అందులో విశ్వాసం ఉంది, ధైర్యం ఉంది, "నేను ఎవర్నో చూసుకోండి" అన్న ప్రకటన కూడా ఉంది.

అక్కడ్నుంచి నేపుల్స్ వెళ్లింది. నేపుల్స్ రాణి ఎవరు? మేరీ ఆంటోనెట్‌కి సొంత అక్క, మరియా కరోలినా. తర్వాత వియన్నా, వాళ్ల పుట్టింటి ఊరు. 1795లో రష్యా, పీటర్స్‌బర్గ్‌లో ఆరేళ్లు. అంటే సంబంధాల దారి పట్టుకునే నడిచింది, మీ సైనిక్‌పురి కాలనీ లాగానే.

భాష గురించి ఒక్క మాట. ఆవిడకి జర్మన్ రాదు, రష్యన్ రాదు, కానీ ఆ రోజుల్లో యూరప్ దర్బార్లన్నీ ఫ్రెంచే మాట్లాడేవి, కాబట్టి ఆవిడకి ఆ కష్టం పెద్దగా లేదు. మీకు ఐందోవెన్‌లో ఇంగ్లీషు ఆ పని చేస్తుంది.

పాయా నహారీ రాసిండు:

సార్ మంచిగ చెప్పిండ్రు. నేనొక ముచ్చట కలుపుత, గిది మన దేశపు ముచ్చట, ఇంటె మీరు పరేషాన్ అయితరు.

1788ల టిప్పు సుల్తాన్ ముగ్గురు రాయబారులను పారిస్‌కు పంపిండు, ఇంగ్లీషోళ్ల మీద యుద్ధానికి ఫ్రెంచి రాజు సాయం చేయాలె అని. అండ్ల ఒకాయన మహమ్మద్ దర్వేష్ ఖాన్. లెబ్రన్ ఆయనను సూసి, ఎట్లనన్న ఈయన బొమ్మ వేయాలె అనుకున్నది. రాజు అడిగితె తప్ప మేం బొమ్మకు కూసోమన్నరు వాళ్లు. ఈమె రాజుతోని అడిగిపిచ్చింది. కాన్వాస్ పట్కొని వాళ్లు దిగిన ఇంటికి పోతె చేతుల మీద గులాబ్ నీళ్లు పోసిండ్రట. అన్నానికి నేల మీదనె కూసోవెట్టి, వాళ్ల చేత్తోనె వడ్డించి, గొర్రె కాళ్లతోని చేసిన మసాలా కూర పెట్టిండ్రట. నేను గది సదివి మా అమ్మకు జెప్తె "పాయానే గదరా అది" అన్నది. నాకు గట్లనె అనిపించింది, తెల్లారి మదీనా దిక్కు నహారీ తింటుంటె కూడ అదే యాదికొచ్చింది.

గిప్పుడు అసలు కథ. బొమ్మ అయిపోయింది, ఎండాలె కదా, ఆడనె వదిలిపెట్టి వచ్చింది. తర్వాత అడిగితె ఆయన ఇయ్యనంటడు! తన మంచం ఎన్క దాసిపెట్టుకున్నడు, గా బొమ్మకు ఇంక ప్రాణం రావాలె అని. ఈమె ఏం జేసిందంటె ఆయన నౌకరుతోనె బొమ్మను గుట్టుగ తెప్పిచ్చుకున్నది. ఆయనకు తెలిసి గా నౌకరును సంపుతనని లేసిండు. పారిస్‌ల నౌకర్లను సంపుడు రివాజు లేదు సాబ్ అని సమ్జాయించి, రాజే బొమ్మ అడిగిండని అబద్ధమాడి ఆపిండ్రు.

గా బొమ్మ నిలువెత్తు మనిషి కంటె పెద్దగుంటది, ఏడడుగుల పైన. చేయి తల్వార్ మీద, తెల్లటి పెద్ద జామా, ఎన్క మబ్బులు. 2019 జనవరిల న్యూయార్క్‌ల వేలమేస్తె దాదాపు 72 లక్షల డాలర్లకు పోయింది. గా కాలం నాటి ఆడ పెయింటర్ల బొమ్మలల్ల అప్పటికి గదే రికార్డ్.

నేనెందుకు జెప్తున్ననంటె చెల్లె, వేరే దేశపోడు, వేరే మతపోడు, భాష రాదు, నడుమ దుబాసీ, అయినా గామె ఆయన మొహం సదివింది. నువ్వు ఆఫీసు స్టాంపు కింద నుంచి మొహాన్ని తీస్తున్నవు కదా, డచ్చోని మొహం నీకు ఎంత సేపు?

ఇంకోటి. మన హైదరాబాద్‌లనె రివర్స్ కథ ఉన్నది. రాజా దీన్‌దయాళ్ 1892ల ఇక్కడ జనానా ఫోటో స్టూడియో తెరిసిండు, పర్దాల ఉండే బేగంల కోసమే, సుట్టూ ఎత్తు గోడలు. దాన్ని నడిపింది ఒక ఇంగ్లీషామె, మిసెస్ కెన్నీ లెవిక్. ఆమె బ్రష్ పట్టలె, కెమెరా పట్టింది, కని పని గదే కదా, పరాయి ఊరికి వచ్చిన ఆడమనిషి ఇంటి లోపలి మొహాలను తీసుడు. ఆడామె కాబట్టే గా తలుపులు తెరుసుకున్నయి. నువ్వు ఆడ ఇండియన్ ఆడపిల్లవు, నీకు కూడ ఏదో ఒక తలుపు తెరుసుకుంటది, మగ పెయింటర్‌కు తెరుసుకోనిది.

రెండో షిఫ్ట్ రాసింది:

అందరూ బాగా రాశారు కానీ నేను కొంచెం వేరేగా చెప్తా, రంగులపెట్టె గారూ ఏమీ అనుకోకండి. ఆవిడ కథ చదివి ధైర్యం తెచ్చుకోండి కానీ మీ పరిస్థితికి అదే కొలత అనుకోవద్దు. ఆవిడ దేశం వదిలేనాటికి రాణి బొమ్మలు ముప్పై దాకా వేసి ఉంది, రాయల్ అకాడమీ మెంబరు, 1783లో ఆవిడనీ లబీల్ గీయార్ అనే ఇంకో ఆవిడనీ ఒకే రోజు తీసుకున్నారు. ఆవిడ ఊళ్లోకి రాకముందే ఆవిడ పేరు వెళ్లి కూర్చునేది. మనకి అలా ఉండదు. నేను భర్త జాబ్ మీద సింగపూర్ వెళ్లి నాలుగేళ్లున్నాను, టీచర్ని, మొదటి రెండేళ్లు నేను ఎవరో ఎవరికీ తెలీదు, ఫలానా ఆయన భార్యని, అంతే. ఆ ఖాళీ ఎంత బరువుంటుందో ముందే తెలిస్తే మంచిది కాబట్టి చెప్తున్నా.

ఇంకొకటి డబ్బు. లెబ్రన్ భర్త పెయింటింగుల వ్యాపారి, ఆవిడ సంపాదనంతా ఆయన చేతిలోకే వెళ్లేది, జూదానికీ ఇంకా వేరేవాటికీ పోయేది. పారిస్‌లో అంత ఖరీదైన పెయింటర్ అయ్యుండి కూడా బయల్దేరేటప్పుడు ఆవిడ దగ్గర చెప్పుకోదగ్గ డబ్బు లేదు. ఆవిడ సంపాదన ఆవిడదైంది పరాయి దేశం వెళ్లాకే, అది నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. మీ ఆయన మంచివారే అయ్యుంటారు, నేను అనేది అది కాదు. అక్కడికి వెళ్లగానే మీ పేరు మీద మీకో అకౌంట్ తెరుచుకోండి, మొదటి యాభై యూరోలు వచ్చినా దాంట్లోనే పడాలి.

కుటుంబం సంగతి అడిగారు కదా. సుఖంగా లేదు. దేశం వదిలిపోయినవాళ్ల జాబితాలో పేరెక్కించారు, వెనక్కి వస్తే ప్రమాదం, 1794లో భర్త విడాకులు తీసుకున్నాడు, ఆస్తి కాపాడుకోడానికి. కూతుర్ని అన్ని ఊళ్లూ తిప్పింది, సంగీతం భాషలు అన్నీ నేర్పించింది, ప్రాణం పెట్టుకుంది. లూవ్ర్‌లో ఉన్న ఆ బొమ్మ చూడండి, 1789ది, పిల్ల అమ్మ మెడ చుట్టూ చేతులేసి ఉంటుంది. ఆ పిల్లే పీటర్స్‌బర్గ్‌లో ఒక దొర దగ్గర సెక్రటరీగా ఉన్న నీగ్రిస్ అనే అతన్ని చేసుకుంటానని పట్టుబట్టింది, తల్లి వద్దంది, చివరికి పెళ్లయింది కానీ వాళ్లిద్దరి మధ్య మళ్లీ మునుపటి దగ్గరితనం రాలేదు. తర్వాత ఆ కాపురం కూడా నిలబడలేదు, జూలీ 1819లో తల్లి కంటే ముందే పోయింది. ఆ పెళ్లి గొడవల రోజుల్లోనే లెబ్రన్‌కి పారిస్‌లో తన అమ్మ పోయిన కబురు వచ్చింది. ఇవన్నీ జరుగుతున్నా పొద్దున్నే ఎవరో ఒక కౌంటెస్ వచ్చి కుర్చీలో కూర్చునేది, ఆవిడ రంగులు కలిపేది. నాకు ఆవిడ రాణి బొమ్మల కంటే ఈ సంగతే ఎక్కువ గుర్తుంటుంది.

పేరున్న పెయింటర్లకి కూడా కొత్త ఊళ్లో అవమానాలు తప్పవు, మన ఊరే తీసుకోండి. అమృతా షేర్‌గిల్, తల్లి హంగేరియన్, బుడాపెస్ట్‌లో పుట్టి పారిస్‌లో చదువుకుని వచ్చింది. 1936 చివర్లో దక్షిణ యాత్రకి బయల్దేరి హైదరాబాద్ కూడా వచ్చింది. నవాబ్ సాలార్‌జంగ్ ఆవిడ బొమ్మలు తెప్పించుకుని తిప్పి పంపించేశాడు. ఈ రోజు ఆవిడ బొమ్మ దేశం దాటి పోకూడదని చట్టం కింద జాతీయ సంపద చేశారు. నేను మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడల్లా ఆ యూరప్ పెయింటింగుల గ్యాలరీలో నిలబడి, ఇక్కడ ఒకటి ఉండాల్సింది అనుకుంటాను.

రంగులపెట్టె:

రెండో షిఫ్ట్ గారూ, ఏమీ అనుకోలేదండీ, నిజానికి మీరు రాసింది మూడు సార్లు చదివాను. ఫలానా ఆయన భార్య అన్న మాట... అదే నా భయం, నేను దాన్ని భాష రాకపోవడం అని పేరు పెట్టి అడిగాను అంతే.

పాయా అన్నా, మీ అమ్మగారి మాట చదివి నేనూ మా ఆయనా ఎంత నవ్వామో. జనానా స్టూడియో సంగతి అసలు తెలీదు, ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి.

సార్, మీరు సంబంధాల దారి అన్నారు. కానీ కొత్త ఊళ్లో మొదటి మనిషి ఎందుకు నమ్ముతుంది? రాణి అక్క అయినా సరే, బొమ్మ చూడకుండా ఎందుకు కూర్చుంటుంది? ఇక్కడైతే డాక్టరమ్మ హాలు ఉంది నాకు.

కోఠి పుస్తకాలు:

ఇది అసలైన ప్రశ్నమ్మా, దీనికి జవాబు ఉంది.

నేపుల్స్‌లో ఉండగా ఇంగ్లీషు రాయబారి ఇంట్లో ఎమ్మా అనే అమ్మాయిని చూసింది, తర్వాత లేడీ హామిల్టన్‌గా పేరు పడింది. ఆ అమ్మాయిని సిబిల్ లాగా, అంటే పాత గ్రీకు రోమన్ కథల్లో సోది చెప్పే స్త్రీ లాగా కూర్చోబెట్టి వేసింది. తలకి పాగా, కళ్లు పైకి, చేతిలో ఏదో రాస్తున్న కాగితం. ఆ బొమ్మని లెబ్రన్ తన దగ్గరే ఉంచుకుంది. అమ్మలేదు. వియన్నా వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లింది, అక్కడ కౌనిట్జ్ అనే పెద్ద ప్రభువు తన హాల్లో పెట్టించాడు, వచ్చినవాళ్లందరూ చూశారు, పనులు వచ్చాయి. డ్రెస్డెన్‌లో ఆగితే అక్కడి గ్యాలరీలో పెట్టారు, దర్బారు మొత్తం వచ్చి చూసిపోయింది. రష్యాకి కూడా అదే బొమ్మ. దాదాపు పాతికేళ్లు పైన తన దగ్గర ఉంచుకుని 1819లో గానీ వదల్లేదు. డాక్టరమ్మ హాలు లేదన్నారు కదా, ఆవిడ ఆ హాల్ని చుట్టి పెట్టెలో పెట్టుకుని తిరిగింది.

మీరు గమనించాల్సింది ఏంటంటే అది రాణి బొమ్మ కాదు. పెద్దింటి పిల్ల కూడా కాదు, ఎమ్మా కమ్మరి కూతురు. చూసేవాళ్లకి ఆ మొహం ఎవరిదో తెలియాల్సిన పనిలేదు, బొమ్మలో ఉన్న ప్రాణం చూసి "నన్ను కూడా ఇలా వేయగలదు" అనుకోవాలి. అలాంటిది మీ దగ్గర ఒకటి ఉండే ఉంటుంది.

అవమానం సంగతి రెండో షిఫ్ట్ గారు చెప్పారు, ఇదీ చేర్చుకోండి. పీటర్స్‌బర్గ్‌లో కేథరిన్ మహారాణి మనవరాళ్లిద్దర్నీ వేసింది, చేతులు భుజాల దాకా కనబడేలా గ్రీకు పద్ధతి బట్టల్లో. మహారాణికి నచ్చలేదు, ఉత్తరంలో వెటకారంగా రాసింది. ఆ కబురు చెవిన పడగానే లెబ్రన్ వాదించలేదు, బట్టలు మార్చి పొడుగు చేతులు వేసి ఇచ్చింది. తన మనసులో మొదటిదే బాగుందని ఉంది, అది ఆత్మకథలో రాసుకుంది కూడా. తర్వాత మహారాణి తన బొమ్మకి కూర్చుంటానని ఒప్పుకుంది, కానీ కూర్చునేలోపే 1796 నవంబర్లో పోయింది. కస్టమర్ మార్చమన్నప్పుడల్లా ఏడ్చే నా స్టూడెంట్స్‌కి ఇది చెప్పేవాణ్ణి.

పోర్ట్రెయిట్ వేయడం మీద మేనకోడలి కోసం ఆవిడ రాసిన సలహాలు కొన్ని ఉన్నాయి. అవతలి మనిషి రావడానికి అరగంట ముందే మీరు సిద్ధంగా ఉండాలి, అన్నీ సర్దుకుని, మనసు కుదుటపరుచుకుని. ఆడవాళ్లని కూర్చోబెట్టినప్పుడు అందంగా ఉన్నారని చెప్పాలి, మీ ఒంటి రంగు బాగుందని చెప్పాలి, అప్పుడు మొహం విచ్చుకుంటుంది, ఎక్కువసేపు ఓపిగ్గా కూర్చుంటారు. చదివితే ముఖస్తుతి లాగా ఉంటుంది కానీ నేను అలా చూడను. ఒక మనిషి పరాయి మనిషి ఎదుట గంటలకొద్దీ కదలకుండా కూర్చోవడం ఎంత ఇబ్బందో ఆవిడకి తెలుసు. మీరు ఇన్నాళ్లు ఎక్కువ ఫోటోల మీద చేశారు, అక్కడ ఎదురుగా కూర్చున్న మనిషిని వేయాల్సి వస్తుంది, ఆ అలవాటు ఇప్పట్నుంచే చేసుకోండి. ఇంట్లోవాళ్లనే రోజుకొకర్ని కూర్చోబెట్టండి.

కాలువ పక్క ఇల్లు రాసింది:

హాయ్, నేను కూకట్‌పల్లి అమ్మాయినే, ఊట్రెక్ట్‌లో ఆరేళ్ల నుంచి ఉంటున్నా. చరిత్ర నాకు తెలీదు, ఇక్కడి సంగతి చెప్తా.

మీ ఆయనది హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ పర్మిట్ అయితే భార్యగా మీరు పని చేసుకోవచ్చు, విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేదు, సొంతంగా చేసుకునే పని కూడా చేయొచ్చు. మీ కార్డు రాగానే దాని మీద ఏం రాసుందో ఒకసారి చూసుకోండి. ముందు మున్సిపాలిటీలో అడ్రస్ రిజిస్టర్ చేసుకుంటే బీఎస్ఎన్ అనే గుర్తింపు నంబర్ వస్తుంది, మామూలుగా అది వచ్చాకే బ్యాంక్ అకౌంట్, రెండో షిఫ్ట్ గారు చెప్పింది అప్పుడు చేయొచ్చు. బొమ్మలు అమ్మి సంపాదించాలంటే చాంబర్ ఆఫ్ కామర్స్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ఇక్కడ కేవీకే అంటారు. నేను బొటిక్ పెట్టినప్పుడు చేసుకున్నా, గంట కూడా పట్టలేదు, భయపడాల్సింది ఏమీ లేదు.

జనం సంగతి అంటారా, ఇక్కడ ఇళ్లకి కర్టెన్లు తెరిచే ఉంటాయి, రోడ్డు మీద నడుస్తుంటే హాల్లో గోడ మీద ఏముందో కనబడుతుంది, నాకు మొదట్లో చాలా వింతగా ఉండేది. ముందు మన తెలుగువాళ్ల ఉగాది, దసరా ప్రోగ్రాములకి రండి, పిల్లల బొమ్మలు వేయించుకునేవాళ్లు దొరుకుతారు, కానీ అక్కడే ఆగిపోకండి. నేను రెండేళ్లు మనవాళ్లకే కుట్టి, వేరేవాళ్లు రారులే అనుకున్నా. పక్కింటి పెద్దావిడ ఒకరోజు తలుపు కొట్టి తన కోటు తెచ్చి ఇచ్చింది, ఆవిడ వల్ల వాళ్ల చర్చి వాళ్లందరూ వచ్చారు. డిసెంబర్ అంటే నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, బొమ్మలు వేసేవాళ్లకి వెలుతురు కావాలి కదా, ఇల్లు చూసేటప్పుడు కిటికీలు ఎటున్నాయో చూసుకోండి, అద్దె కొంచెం ఎక్కువైనా పర్లేదు.

పాయా నహారీ:

ఇంకొక ముచ్చట యాదికొచ్చింది, మా బాబాయి ఢిల్లీల సర్కారీ నౌకరీ చేసెటప్పుడు చెప్పిండు. హంగేరీ నుంచి తల్లీ బిడ్డ ఇద్దరు పెయింటర్లు 1930ల ఇండియాకు వచ్చిండ్రు, సాస్ బ్రన్నర్ తల్లి, ఎలిజబెత్ బ్రన్నర్ బిడ్డ. ముందు శాంతినికేతన్‌ల టాగూర్ దగ్గరికి పోయిండ్రు. గాంధీ బొమ్మ, నెహ్రూ బొమ్మ, ఇంకా మస్తు మంది బొమ్మలు ఏసిండ్రు. తల్లి 1950ల నైనితాల్‌ల పోయింది. బిడ్డ ఇంక వాపస్ పోలె, ఢిల్లీలనె ఉండిపోయింది, 1985ల పద్మశ్రీ ఇచ్చిండ్రు, 2001ల ఆడనె కన్నుమూసింది. డెబ్బై ఏండ్లు చెల్లె! లెబ్రన్ అయితె పన్నెండేండ్లకు ఇంటికి మర్లింది, తోటి కళాకారులు 255 మంది ఆమె పేరు జాబితాల నుంచి తీసేయాలె అని సంతకాలు పెడితె. ఈమెకు గా అవసరమే రాలె, వచ్చిన ఊరే ఇల్లు అయింది. నీకేమైతదో ఇప్పుడే ఎవరికెరుక.

రంగులపెట్టె:

రాత్రి రెండయింది, మీరందరూ రాసింది చదివి ఇల్లంతా వెతికాను. సార్ అన్న ఆ ఒక్క బొమ్మ ఉంది నా దగ్గర. ఎవరూ అడగకుండా వేసిందది, మా నాయనమ్మ, జనగామలో ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ. ఎదురుగా కూర్చోబెట్టి వేసిన ఒకే ఒక్క పెద్ద బొమ్మ. పదకొండు రోజులు కూర్చుంది, రోజూ "అయిందా బిడ్డా" అని అడిగేది. రెండేళ్ల కింద వేశాను, ఆ తర్వాత ఆరు నెలలకి పోయింది. ఒకాయన ఎగ్జిబిషన్‌లో చూసి మంచి రేటు ఇస్తానన్నా ఇవ్వలేదు, ఎందుకో అప్పుడు నాకే తెలీదు. మంచం కింద గుడ్డ చుట్టి పెట్టాను.

మూడున్నర అడుగులు ఇంటూ నాలుగున్నర. ఆయిల్. ఫ్రేమ్‌తో విమానంలో కుదరదు. ఎలా తీసుకెళ్లాలో ఎవరైనా చెప్తారా?

కోఠి పుస్తకాలు:

రెండేళ్లయింది కాబట్టి బాగానే ఎండి ఉంటుంది. ఒకవేళ కొన్నిచోట్ల రంగు మందంగా వేసుంటే అక్కడ వేలితో మెల్లగా నొక్కి చూడండి, మెత్తగా ఉంటే ఇంకా ఆగాలి. చెక్క నుంచి మేకులు ఒక్కొక్కటే తీయండి, లాగొద్దు. చుట్టేటప్పుడు రంగు వైపు బయటికి ఉండాలి, అందరూ జాగ్రత్త అనుకుని లోపలికి చుడతారు, అలా చుడితే రంగు నలిగి పగులుతుంది. సన్న గొట్టం వద్దు, ఎంత లావు గొట్టం దొరికితే అంత మంచిది, బట్టల షాపుల్లో తానులు చుట్టి వచ్చే అట్ట గొట్టాలు అడగండి, సన్నగా ఉంటే రెండు మూడు కలిపి చుట్టూ ఫోమ్ షీట్ వేసి లావు చేయండి. రంగు మీద మామూలు పేపర్ పెట్టకండి, అంటుకుంటుంది, సిలికాన్ పూసిన బేకింగ్ పేపర్ అయితే పర్లేదు. టర్పెంటైన్, వార్నిష్ సీసాలు ఇక్కడే ఎవరికైనా ఇచ్చేయండి, విమానంలో రానివ్వరు, ట్యూబులు మాత్రం కంపెనీ సేఫ్టీ షీట్ ప్రింట్ తీసి దాంతో పాటు చెక్ ఇన్ లగేజీలో పెట్టండి.

ఆదివారం నేను ఆబిడ్స్ వస్తాను, పదింటికి. బొమ్మ తీసుకురండి, మేకులు తీయడం దగ్గర నేనూ ఒక చెయ్యి వేస్తాను. మీ నాయనమ్మగారిని చుట్టే ముందు ఒకసారి చూడాలని ఉంది.